మామ విప్పిన బోల్టు

“మీ మామ లేస్తలేడురా. చాయ్ పెట్టి లేపిన, లేస్తలేడు. జర నువ్వొచ్చి లేపు.”

ఫోన్‌లో మా అత్తమ్మ అన్నది అంతే. చనిపోయాడన్న మాట ఆమె నోట రాలేదు. పొద్దున్నే షాపు షట్టరు ఎత్తుతున్నవాణ్ణి, సగం ఎత్తినదాన్ని అలాగే వదిలేసి పరుగెత్తాను. వెళ్ళేసరికి మంచం పక్కన చాయ్ మీగడ కట్టి ఉంది. అత్తమ్మ అడిగింది కదా అని నేనూ లేపాను. భుజం పట్టి కదిపాను, చెవి దగ్గర పిలిచాను. ములుగు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో నా చిన్నతనం నుంచీ జీపులు బాగుచేస్తూ వచ్చిన మా మేనమామ ఇక లేవలేదు.

మీలో ఎవరూ ఆయన్ను ఎరిగి ఉండరు. ఆయన గొప్పవాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. గొప్పవాడేం కాదు, కోపిష్టి. బండి తెచ్చినవాడు దాని జబ్బు చెప్పబోతే వినేవాడు కాదు. “నువ్వు సప్పుడు జెయ్యకు, బండి చెప్తది” అని పొడుగు స్క్రూడ్రైవరు కొన ఇంజన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకునేవాడు. అప్పుడు షెడ్డులో ఎవరూ దగ్గకూడదు. ఒకసారి ఆ సమయంలో నా ఫోన్ మోగితే దాన్ని తీసుకుపోయి నీళ్ళ డ్రమ్ము మూత మీద పెట్టి, “ఇంకోపాలి మోగితే లోపల పడ్తది” అన్నాడు. అన్నంత పనీ చేసే మనిషి కాబట్టి నేను స్విచ్ ఆఫ్ చేశాను.

మధ్యాహ్నం అన్నం మాత్రం ఏ బండి మీద పని చేస్తున్నాడో ఆ బండి డ్రైవరు సీట్లో కూర్చుని తినేవాడు. ఎందుకంటే చెప్పేవాడు కాదు. అత్తమ్మ పంపిన పచ్చిపులుసు వాసన బాగుపడిన బండితో పాటు ఓనరు ఇంటికి పోయేది. ఓనర్లు నవ్వుకునేవాళ్ళు. కొందరు నిజంగానే విసుక్కునేవాళ్ళు.

నాది ఆయన షెడ్డుకు ఆనుకుని వైరింగ్ షాపు. మా అమ్మ పోయాక నన్ను పెంచింది మామా అత్తమ్మలే. వాళ్ళకు పిల్లల్లేరు. ఆయన దగ్గరే పని నేర్చుకుని నేను వైరింగ్ వైపు పోతే ఆయనకు కొన్నాళ్ళు కినుక. ఇనుము కంటికి కనిపిస్తుంది, అరిగితే చేతికి తెలుస్తుంది, కరెంటు కనిపించదు కాబట్టి నాది దయ్యాల పని అని ఆయన లెక్క. కొత్త బండి ఏదైనా స్టార్టు కాకపోతే గోడ అవతలి నుంచి కేకేసేవాడు: “భూతవైద్యుడా, జరొచ్చి పో.”

ఆ షెడ్డుకు ఒక కట్టుబాటు ఉండేది. ఇప్పిన చెయ్యే బిగించాలె. అంటే ఒక బోల్టును ఎవరు విప్పితే మళ్ళీ వాళ్ళే బిగించాలి. ఇంకొకరు ముట్టకూడదు. ఇది ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు షెడ్డులో పనిచేసే మిస్త్రీ ఒకడు చక్రం నట్లు చేత్తో తిప్పి పెట్టి అన్నానికి పోయాడు. వాడు బిగించే ఉంటాడనుకుని ఇంకొకడు బండిని కిందికి దించేశాడు. మడికొండ దాటాక ఆ చక్రం ఊడి, బండికంటే ముందు తనే దొర్లుకుంటూ పోయి పొలంలో పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మామ ఆ రోజంతా అన్నం ముట్టలేదట. అప్పటి నుంచీ ఈ కట్టుబాటు. బోల్టు విప్పినవాడికి జ్వరమొచ్చి ఇంట్లో పడుకుంటే వాడు వచ్చేదాకా బండి నిలబడాల్సిందే. “జ్వరం వానికొచ్చింది గాని నా బండికి రాలే గదా” అని గొడవపడిన ఓనర్లున్నారు. మామ కదిలేవాడు కాదు. విప్పినప్పుడు వాషరు ఎటువైపు ఉందో, బోల్టు ఎంత బిగువుగా వచ్చిందో విప్పిన చేతికే గుర్తుంటుందని ఆయన నమ్మకం.

పరకాల నుంచి ఒక పెద్దాయన, పత్తి రైతు, తన పాత జీపు తెచ్చాడు. అది వాళ్ళ నాయన కొన్న బండి. ఇంజన్ పూర్తిగా అరిగిపోయింది. దాంట్లో వేయమని కొత్తరకం బండిది ఒక ఇంజన్ ట్రాలీలో వేసుకొచ్చాడు. కంప్యూటరు డబ్బాతో నడిచే ఇంజన్. మామ దాని చుట్టూ తిరిగి చూసి వద్దన్నాడు. రెండు రోజులు ఆలోచించాక గోడ అవతలి నుంచి నన్ను అడిగాడు.

“ఇనుము నాది, వైరు నీది. అయితదా?”

అయితదన్నాను. వైరింగ్ వైపు పోయాక ఆయనతో కలిసి ఒక బండిని మొదటి నుంచీ చేయడం నాకదే మొదటిసారి. పాత ఇంజన్ లేపి, కొత్తదాన్ని నిలబెట్టడానికి ఇనుప కాళ్ళు చేయించి, పాత గేర్‌బాక్సుకు జతచేయడానికి ఆయనకు చాలా రోజులు పట్టింది. మొదటి తాళానికే స్టార్టయింది. ఆయన నవ్వలేదు గాని, ఆ రోజు జీపులో కూర్చుని రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

రోడ్డు మీదికి తీశాక తెలిసింది అసలు సంగతి. ఉరుకుతున్నంతసేపు బాగానే ఉరికేది. స్పీడుబ్రేకరు దగ్గర మెల్లగా చేస్తే చాలు, టప్పున ఆగిపోయేది. గూడెప్పాడ్ క్రాస్ రోడ్డు దాకా పోయి వచ్చేసరికి వెనక లారీవాళ్ళు మమ్మల్ని తిట్టని తిట్టు లేదు. పరకాల పెద్దాయన రోజూ సంతకు పోయే మనిషి. ఇలా నడిరోడ్డు మీద ఆగే బండిని ఆయన చేతికి ఎలా ఇస్తాం?

తప్పు ఇంజన్‌లో లేదు. ఆ కంప్యూటరు డబ్బాకు బండి పరుగులో ఉందో నిలబడి ఉందో తెలియడం లేదు. పాత జీపులో మీటరు ముల్లును గేర్‌బాక్సు నుంచి వచ్చే కేబులు తిప్పుతుంది, అంతవరకే. కొత్త ఇంజన్‌కు చక్రాల వేగం వైరు మీద అందాలి. అది అందితేనే బండి ఆగబోయే ముందు ఇంజన్ ఆరిపోకుండా డబ్బా చూసుకుంటుంది. అందుకు గేర్‌బాక్సుకూ కేబులుకూ మధ్య స్పీడు సెన్సరు అని ఒకటి పెట్టాలి. నిమ్మకాయంత ఉంటుంది. నేను తెచ్చి చేతిలో పెడితే మామ అటూ ఇటూ తిప్పి చూశాడు.

“గంత ఇంజన్‌కు, నువ్వు నడుస్తానవే అని గీ నిమ్మకాయ చెప్పాల్నా?”

“చెప్తెనే దానికి ఎరుకైతది మామా.”

“తిన్నవాన్ని తిన్నవా అని అడిగినట్టున్నది నీ దయ్యాల పని” అని జీపు కిందికి దూరాడు.

గేర్‌బాక్సుకు కేబులు వచ్చి చేరే చోట ఒక చిన్న గొట్టం ఉంటుంది. దాన్ని ఊడిరాకుండా పట్టి ఉంచేది ఒకే ఒక్క బోల్టు. మామ ఆ బోల్టు విప్పాడు. గొట్టం బయటికి లాగి, సెన్సరును దానికి తగిలించి సరిపోయిందో లేదో చూసి, మట్టి పోకుండా రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కాడు. బోల్టు చొక్కా జేబులో వేసుకుని బయటికొచ్చి లేచి నిలబడ్డాడు. కుడిచేతిలో ఉన్న పానా కింద పడింది. వంగి తీయబోయాడు. వేళ్ళు దాని మీద పడ్డాయి గాని పట్టుకోలేదు.

“ఏందిరా, పానా గింత బరువైంది” అన్నాడు. అని అలాగే పక్కకు ఒరిగిపోయాడు.

దవాఖానలో పక్షవాతమన్నారు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట ముద్దగా వచ్చేది. నోరు తిరిగిన రోజు ఆయన మొదట అన్న మాట అత్తమ్మ పేరు కాదు, నా పేరూ కాదు. “బోల్టు” అన్నాడు. అత్తమ్మకు అర్థమైంది. దవాఖానవాళ్ళు విప్పి ఇచ్చిన చొక్కా జేబులో దాన్ని ముందే చూసి కొంగున కట్టుకుంది. విప్పి చూపించింది. మామ కళ్ళు మూసుకున్నాడు.

ఇంటికి తెచ్చాక ఆయన లోకమంతా ఆ బోల్టే అయింది. జీపు స్టాండ్ల మీద అలాగే ఉంది. గొట్టమూ సెన్సరూ పెట్టి ఆ బోల్టు బిగిస్తే బండి తయారు. ఎదురు షెడ్డు మిస్త్రీ చూడటానికొచ్చి మంచి మనసుతోనే అన్నాడు: “రెండు నిమిషాల పని ఉస్తాద్. నేను బిగిస్త, పెద్దాయన బండి పోతది.” మామ మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. అతను పోయేదాకా ఇటు తిరగలేదు.

“అది ఉన్నదిరా నాకు. అది బిగించాలె. అందుకే లేస్త” అన్నాడు నాతో, ఒక్కో మాటా కూడబలుక్కుని.

పరకాల పెద్దాయన వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. పత్తి ఏరే రోజులు. ఆయనకు బండి ఎంత అవసరమో మాకు తెలుసు. తల తుండుగుడ్డతో తుడుచుకుని, “ఫికర్ జెయ్యకు ఉస్తాద్. బస్సులు నడుస్తానయి. నువ్వు లేచినంకనే బిగించు” అన్నాడు. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడితే నాకూ ఏదో ఒకటి చేయడానికి వీలుండేది.

నేను బిగించలేనా అంటే, బిగించగలను. రోజూ షెడ్డు ముందు నుంచే పోతాను, పానా ఎక్కడుందో తెలుసు. కానీ దాన్ని బిగించేస్తే మామ లేవడానికి ఇంకేం మిగులుతుంది? బిగించకపోతే ఆయన దాని కోసం రోజూ కుమిలిపోతున్నాడు. ఎటు పోయినా గోడే. వైద్యం చేతకాదు, మెకానిక్ పని ముట్టకూడదు, మిగిలింది నా దయ్యాల పనే. అదైనా చేద్దామని ఒకరోజు సెన్సరు, ఒక చిన్న బ్యాటరీ, ఎర్రబల్బు పట్టుకుని మామ మంచం దగ్గరికి పోయాను. వైర్లు కలిపి, సెన్సరు మధ్యలో తిరిగే ముక్కను ఆయన ఎడమచేతికి అందించాను.

“తిప్పు మామా.”

వేళ్ళతో తిప్పాడు. బల్బు వెలిగి ఆరింది. ఇంకొంచెం జోరుగా తిప్పాడు, జోరుగా మినుకుమంది. ఆపితే ఆగింది. ఆయన మొహంలో పనిచేసే సగం నవ్వింది.

“మంచంల ఉండి గూడెప్పాడ్ పోతాన్న” అన్నాడు.

అత్తమ్మ వంటింటి నుంచి వచ్చి చూసి, “మెల్లగ పో, స్పీడుబ్రేకర్లుంటయి” అంది. ఆయన పడిపోయిన తర్వాత ముగ్గురం కలిసి నవ్వింది ఆ ఒక్కపూటే అనుకుంటాను.

ఆ ఉత్సాహంలోనే, తనను షెడ్డుకు తీసుకుపొమ్మన్నాడు. మధ్యాహ్నం పూట నేనూ ఎదురు షెడ్డు మిస్త్రీ కలిసి ఎత్తుకుపోయి, కింద చక్రాలున్న పలక మీద పడుకోబెట్టి జీపు కిందికి తోశాం. ఆయన పక్కన నేనూ వెల్లకిలా పడుకున్నాను. గుడ్డ తీశాను. గొట్టం ఒక చేత్తో పట్టుకుని, బోల్టు ఇంకో చేత్తో పెట్టాలి. ఆయనకు ఉన్నది ఒకటే చెయ్యి, అదీ ఎడమది. బోల్టు జారి ఛాతీ మీద పడింది. తడిమి తీసుకున్నాడు. మళ్ళీ పడింది. నేను చెయ్యి చాపితే, “ముట్టకు” అన్నాడు.

“గొట్టం పట్టుకుంట మామా. పట్టుకొనుడు బిగించుడు గాదు గదా.”

కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. నేను గొట్టం పట్టుకున్నాను. ఈసారి బోల్టు రంధ్రం లోపలి మర గీతల్లో పడింది. వేళ్ళతో కొద్దిగా తిప్పాడు, తిరిగింది. అంతలో ఆయన చెయ్యి ఆగిపోయింది.

“వంకర పట్టింది.”

నాకు బాగానే కనిపించింది. కొంచెం బలం పెడితే పోతుందన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. వంకరగా పట్టిన బోల్టును బలంగా తిప్పితే లోపల మర చెడిపోతుంది. తర్వాత ఎవరూ బాగుచేయలేరు. ఎక్కించిన ఆ కొంచెమూ ఎడమచేత్తో తనే వెనక్కి తిప్పి, బోల్టు బయటికి తీసి పిడికిట్లో పట్టుకున్నాడు. ఆయన కంటి పక్కగా నీళ్ళు చెవిలోకి కారుతున్నాయి. అవి తుడవడానికి కూడా నన్ను ముట్టనిస్తాడో లేదో నాకు తెలియలేదు. ముట్టలేదు.

ఇంటికి పోయాక బోల్టు మళ్ళీ అత్తమ్మ కొంగులోకే చేరింది, ఆ తర్వాత ఆయన షెడ్డు మాట ఎత్తలేదు. నేనే అడిగితే, “రేపు” అనేవాడు. ఆ రేపుల్లోనే ఒక పొద్దున అత్తమ్మ ఫోన్ వచ్చింది.

తలకొరివి నేనే పెట్టాను. దినాల నాడు భోజనాల దగ్గర ఎదురు షెడ్డు మిస్త్రీ నా పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు: “తలకొరివి పెట్టిన చెయ్యి, బోల్టు పెట్టరాదా?” పెరుగన్నం కలుపుతున్నవాణ్ణి అలాగే లేచిపోయాను. అతనన్నది న్యాయమే, అందుకే నాకంత కోపం వచ్చింది.

మర్నాడు షెడ్డు తెరిచాను. దినాలకొచ్చిన పరకాల పెద్దాయన రాత్రి ఇక్కడే చుట్టాలింట్లో ఉండిపోయాడు, ఆయనా వచ్చాడు. జీపు ముందు నిలబడి దాని బానెట్ మీద దుమ్ము తుడుస్తూ ఉన్నాడు. నేను పానా తీసుకుని కిందికి దూరాను. గుడ్డ తీసి, సెన్సరు తగిలించిన గొట్టాన్ని సరిగ్గా కూర్చోబెట్టాను. బోల్టు కోసం జేబు తడుముకుంటే, అది నా దగ్గర లేదని అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రావడంతోనే నాకు నిమ్మళంగా అనిపించింది. ఉన్నా నా చెయ్యి పోయేది కాదు.

ఇంటికి పోయి అత్తమ్మకు చెప్పాను. బోల్టు ఇమ్మని మాత్రం అడగలేకపోయాను. “నాతోని అయితలేదు అత్తమ్మా. ఇప్పినోడు లేడు, ఇగ ఆ బండి ఎట్ల?” అన్నాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కొంగు ముడి విప్పి బోల్టు చేతిలోకి తీసుకుంది.

“మీ మామల సగం నేను గాదా?” అంది. “నడువు.”

అప్పుడే గడప దాటకూడదని చుట్టాలు అన్నారు. ఆమె విననట్టే చెప్పులేసుకుంది. అన్నేళ్ళ కాపురంలో షెడ్డుకు అన్నం డబ్బా పంపిందే గాని అందులో కాలు పెట్టిన మనిషి కాదు. చీర బిగించి నడుముకు చుట్టుకుని పలక మీద పడుకుంది. పరకాల పెద్దాయన తల పక్కకు తిప్పుకుని బయటికి పోయి నిలబడ్డాడు. నేను పలకను మెల్లగా లోపలికి తోసి, ఆమె పక్కన పడుకుని గొట్టం పట్టుకున్నాను. గేరు నూనె ఆమె మణికట్టు మీదుగా కారుతోంది.

“ఎటు తిప్పాలె?”

“గడియారం తిరిగినట్టు. ముందు వేళ్ళతోని. గట్టిగ వస్తే ఆగు, వంకర పట్టినట్టు.”

నిదానంగా తిప్పింది. గట్టిగా రాలేదు. చివరిదాకా ఎక్కింది. అప్పుడు పానా ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుని లాగింది. కదల్లేదు. పళ్ళు బిగబట్టి మళ్ళీ లాగింది. కొంచెం కొంచెంగా బిగిసింది. “సాలా?” అంది. ఇంకొంచెం అన్నాను. ఇంకోసారి లాగింది. “సాలు అత్తమ్మా” అన్నాక కూడా పానా వదలకుండా కాసేపు పట్టుకునే ఉంది.

జీపును స్టాండ్ల మీంచి దించాం. కేబులు, వైర్లు నేను కలిపాను. పెద్దాయన ఎక్కి స్టార్టు చేసి ములుగు రోడ్డు మీదికి తీశాడు. కొంచెం దూరంలోనే స్పీడుబ్రేకరు. అత్తమ్మ షెడ్డు గుమ్మంలో స్టూలు మీద కూర్చుంది. నేను నిలబడి వింటున్నాను. ఇంజన్ చప్పుడు తగ్గింది, బాగా తగ్గింది, కానీ ఆగలేదు. స్పీడుబ్రేకరు దాటి మళ్ళీ లేచింది. వింటుండగానే దూరమైంది. నేను అత్తమ్మ వైపు తిరిగాను. ఆమె బండి పోయిన దిక్కుకు చూడటం లేదు, తన చెయ్యి చూసుకుంటోంది.

“గింత బలం పడ్తదా బిడ్డా ఒక్క బోల్టుకు?” అంది.

“పడ్తది అత్తమ్మా.”

“రోజూ ఇంటికొచ్చి చెయ్యి గుంజుతాందనేటోడు. అందరు అంటరు గదా, అట్లనే అంటాండనుకున్న. పడిపోయినంక ఒత్తిన గని, పనిజేసే నాడు ఒక్కనాడు ఒత్తకపోతి.”

సబ్బూ నీళ్ళూ తెచ్చి పక్కన పెట్టాను. ముట్టలేదు. మోచేతి దాకా నూనె కారిన తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో మణికట్టు నుంచి భుజం దాకా, భుజం నుంచి వేళ్ళ దాకా, అది వేరెవరిదో అన్నట్టు మెల్లగా ఒత్తుతూ కూర్చుంది.